అసింక్‌ఐఓ‌తో సాకెట్ చదవడం: నా అనుభవం

నిన్న తెల్లార్లూ మా డేటా కలెక్టర్ ఒక్క మెసేజ్ కూడా పోగొట్టకుండా నడిచింది, కానీ అక్కడిదాకా రావడానికి సర్వర్ టీమ్‌తో పడ్డ తంటా మీద కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

పైథాన్ అసింక్‌ఐఓ వాడాం, ఒక పని కోసం ఆగకుండా ఇంకోటి నడిపించే లైబ్రరీ అది. కనెక్షన్ తెరవడం, రీడరూ రైటరూ చేతికి రావడం ఒక్క లైను పని, దాని గురించి చెప్పడానికేం లేదు.

నరకమంతా చదివే దగ్గరే. సర్వర్ టీమ్ వాళ్ళిచ్చిన డాక్యుమెంట్‌లో ఒక రీడ్‌కి ఒక మెసేజ్ వస్తుందని రాసుంది, కింద సాంపుల్ కోడ్ కూడా ఉంది, రీడ్‌కి 4096 ఇచ్చి వచ్చింది వచ్చినట్టు జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే పద్ధతి) పార్సర్‌లో పడెయ్యడమే. లోకల్‌హోస్ట్‌లో (అంటే రెండు వైపులూ ఒకే మెషీన్‌లో) బ్రహ్మాండంగా నడిచింది. వేరే మెషీన్ మీద పెట్టగానే ఒకసారి సగం జేసన్, ఇంకోసారి ఒకటిన్నర. అడిగితే కాల్‌లో అందరి ముందూ "మీకు అసింక్ రాదు, థ్రెడ్స్‌తో రాసుకోండి" అన్నారు. థ్రెడ్స్‌కీ దీనికీ ఏం సంబంధమండీ, డేటా వచ్చేదాకా ఆగే బ్లాకింగ్ సాకెట్‌లో రిసీవ్ చేసినా ఇదే కథ! 4096 అంటే మహా అయితే అన్ని బైట్లు అని, అన్నీ వస్తాయని కాదు.

టీసీపీడంప్ (నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్ల రికార్డు) తీసి వాళ్ళ ముందు పెట్టా. కుళాయి నీళ్ళు చెంబుల లెక్కన రానట్టే, ఈ డేటా మోసే ప్రోటోకాల్ టీసీపీలో బైట్లు వరసగా వస్తాయంతే, మెసేజ్ ఎక్కడ ఆగిందో దానికి తెలీదు, 1981 నాటి ఆర్‌ఎఫ్‌సీ 793 (టీసీపీ ప్రమాణ పత్రం) నుంచీ 2022లో వచ్చిన 9293 దాకా ఇదే మాట. లైనక్స్‌లో లోకల్‌హోస్ట్ వాడే లూప్‌బ్యాక్ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 65536 బైట్లు, అందుకే అక్కడ మా 3 కేబీ మెసేజ్ ముక్కలవ్వలేదు. ఈథర్‌నెట్‌లో 1500, హెడర్లు పోను 1460 మించదు, ముక్కలవ్వక చస్తుందా. పరీక్షలన్నీ లోకల్‌హోస్ట్‌లోనే చేసి డాక్యుమెంట్ రాసేవాళ్ళని నమ్మొద్దు.

చివరికి ప్రతి మెసేజ్ ముందూ 4 బైట్ల పొడవు పెట్టడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు అడిగినన్ని బైట్లూ వచ్చేదాకా ఆగే రీడ్‌ఎగ్జాక్ట్‌లీతో ఆ 4, తర్వాత అంత పొడవూ చదువుతున్నా. పొడవుకి గరిష్ఠ పరిమితి తప్పకుండా పెట్టండి, లేకపోతే అవతలివాడు చెత్త అంకె పంపితే మెమరీ గోవిందా. మామూలు రీడ్ వాడితే ఖాళీ బైట్లు రావడమంటే అవతల కనెక్షన్ మూసేశారని, అది చూడకుండా లూప్ తిప్పితే సీపీయూ నూరు శాతానికి ఎక్కి కూర్చుంటుంది.

రాయడంలో గొడవ తక్కువ. రైట్ వెంటనే పంపడానికి చూసి, పోనిది బఫర్‌లో వేసి ఊరుకుంటుంది, వెంటనే డ్రెయిన్‌ని అవైట్ చెయ్యండి, అవతలివాడు నెమ్మదిగా తీసుకుంటుంటే బఫర్ పెరిగిపోకుండా ఆపేది అదే.

ఆ సాంపుల్ కోడ్ మాత్రం డాక్యుమెంట్‌లో ఇంకా అలాగే ఉంది. తీసెయ్యమని టికెట్ పెడితే లో ప్రయారిటీ అని మార్క్ చేశారు.