చిలికా నీటిలో పీహెచ్‌డీ గడువు

జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నానంటే బరంపురంలోని మా బంధువులు ముందుగా అడిగేది అది ఎప్పటికి పూర్తవుతుందనే. 2022 నాటి యూజీసీ నిబంధనలు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు అంటున్నాయి. ఒడిశాలోని చిలికా సరస్సులో ప్లవకాల (నీటిలో తేలియాడే సూక్ష్మజీవుల) మీద పనిచేసేవారికి మాత్రం గడువు పెట్టేది సరస్సులోని ఉప్పదనమే.

వానాకాలంలో దయా, భార్గవి వంటి మహానది పాయలు తెచ్చే వరదతో ఉత్తర భాగం దాదాపు మంచినీటి చెరువైపోతుంది. ఎండాకాలంలో ఉప్పదనం మళ్లీ పెరుగుతుంది, దానితోపాటే నీటిలోని సూక్ష్మజీవులూ మారతాయి. ఒక ఋతుచక్రం పూర్తిగా చూడనిదే ఏదీ ధైర్యంగా చెప్పలేము. రెండో ఏడు కూడా చూస్తేగాని మొదటి ఏడు కనిపించినది ఆ ఏటి విశేషమో, సరస్సు స్వభావమో తేలదు. తుఫాను వల్ల పడవ కదలక ఒక నెల నమూనా తప్పిపోతే, ఆ నెల మళ్లీ ఏడాదికిగాని రాదు.

2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వాక ఉప్పదనం పెరిగి, చేపల దిగుబడి కోలుకుంది. 1993లో మాంట్రూ పట్టికకు (సహజ స్వభావం దెబ్బతింటున్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాకు) ఎక్కిన చిలికా 2002లో దాని నుంచి బయటపడింది. ఆ మార్పును కొలవగలిగారంటే, అంతకుముందే ఎవరో ఓపికగా లెక్కపెట్టి రాసిపెట్టడం వల్లనే.

ఆ లెక్కపెట్టడం చెప్పుకోదగ్గ పనే. సరస్సు ఒడ్డునున్న రంభ దగ్గర తీసిన నీటిలో, ప్లవకాలు చెడకుండా ఉంచే లుగాల్ అయోడిన్‌ను లేత టీ రంగు వచ్చేదాకా కలిపి, వాటి కణాలు అడుగుకు దిగాక పైనీటిని మెల్లగా తీసివేస్తాము. మిగిలినదానిలోంచి సరిగ్గా ఒక మిల్లీలీటరు పట్టే సెడ్జ్‌విక్ రాఫ్టర్ పలకలో పోసేటప్పుడు, పైగాజును ముందు ఏటవాలుగా ఆనించి, నిండాక తిప్పి సరిచేయాలి. లేకపోతే మూలన గాలిబుడగ చేరి లెక్క పాడవుతుంది. ఆపైన సూక్ష్మదర్శిని కింద గడి తరువాత గడి చూడడమే. డీఎన్‌ఏ పద్ధతులు వచ్చాక ఇది పాతబడిందనే వారున్నారు. నేను ఒప్పుకోను: పోల్చిచూసే భండారంలో లేని జాతికి డీఎన్‌ఏ పేరు చెప్పదు, లీటరుకు ఎన్ని కణాలున్నాయో కూడా తిన్నగా చెప్పదు.

పోలిక కోసం గోపాల్‌పూర్ సముద్రపు నీరు కూడా తీస్తాము. అక్కడి పడవవాళ్లు తెలుగు మాట్లాడే వాడబలిజలు. "నీళ్లు రంగు మారిపోనాయి తల్లీ, ఇక కవళ్లు పడతాయి" అని ఒక పెద్దాయన అన్న మాటను తేదీతో సహా పుస్తకంలో రాసుకున్నాను. కవళ్లు ప్లవకాలను తినే చేపలు, వాటి గురించి ఆయన గమనింపు నాకు పనికివచ్చేదే.

జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 నుంచి నెలకు 37,000 రూపాయలైంది. అది ఆలస్యమైన నెలల్లో పడవ అద్దెకు అప్పు తప్పదు (అది వేరే కథ). కొత్తగా చేరేవారు కోర్సువర్క్ ముగిశాక నమూనాలు తీద్దామని ఆగితే ఒక వానాకాలం పోతుంది. మార్గదర్శకుల అనుమతితో తరగతులు జరుగుతుండగానే, తొలకరికి ముందే నెలకొక నమూనా మొదలుపెట్టడం మేలు.