టై స్విచ్ వేసే ముందు ఆంపియర్లు చూడండి

అనంతపురం జిల్లా పల్లె ఫీడర్లలో, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు కరెంటు తెచ్చే లైన్లలో, లైన్ ట్రిప్ అయితే (తప్పు వచ్చి తనంతట తాను ఆగిపోతే), బాగుచేసే పని కంటే ఫాల్ట్ ఎక్కడుందో వెతకడమే పెద్ద పని. కళ్యాణదుర్గం వైపు 11 కేవీ లైన్లు చేన్లు, గుట్టలు దాటుకుంటూ పోతాయి. పిన్ ఇన్సులేటర్ చిట్లితే కింద నుంచి కనబడదు. లైన్‌మన్ ఒక ఏబీ స్విచ్ (లైన్‌ను మధ్యలో విడదీసే స్తంభం మీది స్విచ్) తీసి, సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి బ్రేకర్ వేయిస్తాడు. నిలబడితే ముందుకు పోవాలి, మళ్లీ పడితే వెనక్కి రావాలి. పడిన ప్రతిసారీ ఆ ఫాల్ట్ కరెంటు దెబ్బ పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కే.

స్విచ్‌లు, ఇండికేటర్లను కంట్రోల్ రూం స్క్రీన్‌కు కలిపి నడిపే ఆటోమేషన్‌తో తగ్గేది ఈ వెతుకులాట. ఫాల్ట్ కరెంటు దాటిపోయిన చోట ఇండికేటర్ వెలుగుతుంది. వెలిగిన చివరిదానికీ, వెలగని మొదటిదానికీ మధ్యే ఫాల్ట్. ఆ ముక్కకు రెండు వైపులా స్విచ్‌లు తీసి, ఇవతలి భాగానికి సబ్‌స్టేషన్ నుంచి, అవతలి భాగానికి టై స్విచ్ (రెండు ఫీడర్లను కలిపే స్విచ్) మీదుగా పక్క ఫీడర్ నుంచి కరెంటు ఇస్తారు.

చిక్కంతా ఆ టై దగ్గరే. పక్క ఫీడర్లో 90 ఆంపియర్లు నడుస్తున్నాయనుకుందాం. ఎక్కించాల్సింది 80, కండక్టర్ తట్టుకునేది 150. అంటే 20 ఆంపియర్లు బయట ఆపాలి. 11 కేవీ మీద ఒక ఆంపియర్ సుమారు 19 కేవీఏ కాబట్టి, దాదాపు నాలుగు 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ల లోడు. దాన్ని విడదీయడానికి మధ్యలో ఇంకో స్విచ్ లేకపోతే టై ఉన్నా వేయలేం. లెక్కకు ట్రిప్‌కు ముందున్న లోడే తీసుకోవాలి. తర్వాత మీటర్ చూపేది సున్నానే.

పైగా బోర్లకు ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. డైరెక్ట్ స్టార్టర్ మీద మోటరు లేచేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఫాల్ట్ కనిపెట్టి బ్రేకర్‌ను పడగొట్టే రిలే దాన్ని ఫాల్ట్‌గా తీసుకుని బాగున్న ఫీడర్‌నూ పడగొడుతుంది. అందుకే ముక్కలుగా, కాస్త ఎడం ఇచ్చి లోడు ఎక్కించాలి. రైతులు స్టార్టర్ల టైమర్లు తలో రకంగా పెట్టుకుంటే ఎంతో మేలు.

తెగిన తీగ ఎండు నేల మీదో, బండ మీదో పడితే కరెంటు బాగా తక్కువ పారుతుంది. రిలే కదలకపోవచ్చు, ఇండికేటరూ వెలగకపోవచ్చు. స్క్రీన్ చూసి లైన్ బాగుందనుకోవద్దు. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపి పనికి ఇచ్చే అనుమతి) ఇచ్చాక ఆటో మోడ్ లాక్ చేసి, పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్త్ వేయాల్సిందే. టై ఉన్న లైన్‌కు కరెంటు ఎటు నుంచైనా రావచ్చు.

చివరగా, ఆటోమేషన్ స్విచ్‌ను నడిపే పెట్టెలో బ్యాటరీ. లైన్ పోయినప్పుడే దానితో పని. 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకూ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మన ఎండలకు పెట్టె లోపల ఇంకా వేడి. నెలకోసారి చార్జర్ ఆపి, ఎల్‌సీ తీసుకుని, బ్యాటరీ మీదే స్విచ్ తీసి వేసి చూడండి.