సినిమా లేని సంగీతానికి పైసలెవరిస్తారు?

సెలవులకు హైదరాబాద్ వచ్చినప్పుడల్లా ఉప్పల్‌లో మా చిన్నాయన అడిగేది ఒకటే: "ఏ సినిమాకు చేస్తున్నవ్ బిడ్డా?" సినిమాకు కాదు, బెర్లిన్‌లో యాంబియంట్ సంగీతం చేస్తున్నానంటే, "మరి పైసలెవరిస్తరు?" అంటాడు. అడగాల్సిన ప్రశ్నే.

యాంబియంట్‌లో పల్లవి, చరణం ఉండవు, దరువు ఉన్నా వెనకే ఉంటుంది. స్వరాలు నిదానంగా మారుతూ గదిని నింపుతాయి. బ్రిటిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో 1978లో విమానాశ్రయాల కోసమని చేసిన ఆల్బంతో ఆ పేరు స్థిరపడింది. అందులో వేర్వేరు పొడవుల టేపు చుట్టలు తిరుగుతుంటాయి, ఒక్కోటి ఒక్కో సమయానికి మళ్లీ మొదలవుతుంది కాబట్టి వాటి కలయిక మారుతూనే ఉంటుంది. తంబురా శ్రుతిలో కాసేపు కూర్చున్న మనవాళ్లకు ఇది చుట్టాలింటికి వెళ్లినట్టే ఉంటుంది.

నా సంపాదనలో ఆల్బంల వాటా చాలా చిన్నది. ఏడాదిలో వెయ్యిసార్లు కూడా వినని ట్రాకుకు స్పాటిఫై 2024 నుంచి రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం లేదు. నాకు ఇల్లు గడిచేది నాటకాలు, నృత్య ప్రదర్శనలు, మ్యూజియం గదుల కోసం చేసే పనితోనే. నృత్య బృందంతో పనంటే రిహార్సల్స్‌లో రోజంతా నేల మీద కూర్చుని చూడాలి. వాళ్ల ఊపిరికీ, పాదాల చప్పుడుకీ సంగీతంలో చోటు వదలాలి. ఎంతో ఇష్టపడి చేసిన భాగాన్ని దర్శకురాలు వద్దంటే తీసేయాలి. ఈ పనిలో నాకు బాగా నచ్చేది ఇదే, వాళ్లు కదిలాకే నా సంగీతానికి అర్థం వస్తుంది.

ఇంత నిలకడలేని ఆదాయంతో బతకగలగడానికి కారణం 1983లో జర్మనీలో మొదలైన కళాకారుల సామాజిక బీమా. అక్కడ అందరూ 'కాఎస్‌కా' అంటారు. ఆరోగ్య బీమా, పెన్షన్ చందాలో సగం నేను కడతాను, మిగతా సగం ప్రభుత్వం, కళాకారులతో పని చేయించుకునే సంస్థలు కలిసి భరిస్తాయి. జ్వరమొస్తే టెన్షన్ లేకుండా డాక్టర్ దగ్గరికి వెళ్తాను. వీసా పొడిగింపు కాగితాల టెన్షన్ మాత్రం తప్పదు.

మన దగ్గరా 2012 కాపీరైట్ సవరణ మంచి పని చేసింది. సినిమా పాట థియేటర్ బయట సంపాదించే రాయల్టీలో స్వరకర్తకు, రచయితకు ఉన్న వాటాను నిర్మాత రాయించేసుకున్నా చెల్లదు. కానీ అది పాట పుట్టాక వచ్చే డబ్బు. పుట్టేదాకా బతికేదెలా? హైదరాబాద్‌లో దీనికి జవాబు ఐటీ ఉద్యోగమే అవుతోంది, ఇలాంటి సంగీతం చేసేవాళ్లు లేక కాదు.

గోల్కొండ ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీద బాలా హిస్సార్ దాకా వినిపిస్తుంది. శబ్దాన్ని అంత బాగా ఎరిగిన ఊరు మనది. రవీంద్రభారతిలో నాటకం వేసే బృందాలు లైటింగ్‌కు లెక్క రాసినట్టే సంగీతం చేసినవాళ్లకూ ఒక మొత్తం రాయాలి. ఇక్కడి కుర్రాళ్లు కొందరు ల్యాప్‌టాప్‌లో చేసిన ట్రాకులు నాకు పంపారు. బెర్లిన్‌లో మా నృత్య బృందానికి వాటిని వినిపిస్తాను, పారితోషికం మాట ముందే తేల్చి.