సైకిలుకి కూడా ఇన్సూరెన్సా?

"రోడ్డు ట్యాక్స్ కట్టరు, ఇన్సూరెన్స్ ఉండదు, సిగ్నల్ దగ్గర ఆగరు, మళ్లీ రోడ్డంతా మాదే అన్నట్టు పోతుంటారు." సైకిల్ తొక్కేవాళ్ల గురించి కార్లున్నవాళ్లు ఈ మాట అనడం కొత్త కాదు. ఈమధ్య మా అపార్ట్‌మెంట్ మీటింగులో ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, సైకిళ్లకి కూడా థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి నష్టం జరిగితే వాళ్లకి డబ్బు కట్టేది) తప్పనిసరి చెయ్యాలన్నారు. సగం మంది అవునవును అన్నారు. హైదరాబాద్‌లో రోజూ సైకిల్ మీద ఆఫీసుకి వెళ్లే మనిషిగా నాకు అక్కడే ఏదో ఒకటి అనాలనిపించింది గానీ, అజెండాలో ఉన్నది నీళ్ల ట్యాంకర్ల సంగతి, మధ్యలో ఇది పెడితే ఆ రాత్రికి ఎవరూ భోంచెయ్యరు. అందుకని ఇక్కడ రాస్తున్నా.

నా మాట ముందే చెప్పేస్తా: వద్దు. కానీ ఆ పెద్దాయన వాదనలో అసలు పస లేదని మాత్రం అనను.

1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం మోటారు వాహనం రోడ్డెక్కాలంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. తొక్కే సైకిలు మోటారు వాహనం కాదు కాబట్టి దానికి ఈ గొడవ లేదు. అంతమాత్రాన సైకిల్ వాడికి బాధ్యతే లేదని కాదు. ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త న్యాయ సంహితలో నిర్లక్ష్యంగా బండి నడపడం గురించి ఉన్న 281వ సెక్షన్ ఏ వాహనానికైనా వర్తిస్తుంది, సైకిలుతో సహా. చిక్కంతా నష్టపరిహారం దగ్గర. బైకు గుద్దితే దెబ్బ తగిలినవాళ్లు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్తారు, ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు కడుతుంది. సైకిల్ గుద్ది ఓ ముసలావిడ తుంటి ఎముక విరిగిందనుకోండి, ఆవిడ మామూలు సివిల్ కోర్టుకి పోవాలి, కోర్టు ఫీజు కట్టాలి, ఏళ్ల తరబడి తిరగాలి, చివరికి గెలిచినా ఆ సైకిల్ వాడి దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండకపోవచ్చు. "మేం కడుతున్నాం కదా, వాళ్లూ కట్టాలి" అనే ఉక్రోషం కంటే ఇది చాలా గట్టి వాదన.

జపాన్ వాళ్లు ఈ వాదననే పట్టుకున్నారు. 2008లో కోబె నగరంలో పదకొండేళ్ల కుర్రాడు రాత్రిపూట సైకిల్ మీద వాలులో వేగంగా దిగుతూ నడిచి వెళ్తున్న ఒక మహిళని గుద్దేశాడు. ఆవిడకి తలకి దెబ్బ తగిలి స్పృహ రాలేదు. 2013లో కోర్టు ఆ పిల్లాడి తల్లిని దాదాపు 9.5 కోట్ల యెన్‌లు కట్టమంది. అప్పటి లెక్కలో మన డబ్బుల్లో అయిదు కోట్ల పైమాటే. ఒక మామూలు కుటుంబం ఎక్కడి నుంచి తెస్తుంది? ఇటు వీళ్లు మునిగిపోతారు, అటు వాళ్లకీ డబ్బు అందదు. కోబె ఉన్న హ్యోగో రాష్ట్రమే 2015లో అందరికంటే ముందు సైకిల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసింది, తర్వాత ఒసాకా, 2020లో టోక్యో. తప్పనిసరి అన్నారే గానీ, లేకపోతే జరిమానా మాత్రం పెట్టలేదు! ఇంకో మంచి పద్ధతి కూడా ఉంది వాళ్లకి. షాపులో మెకానిక్ సైకిల్ బ్రేకులూ అవీ చూసి టీఎస్ మార్క్ అని ఒక స్టిక్కర్ వేస్తాడు, దాంతోపాటే ఏడాది ఇన్సూరెన్స్ వచ్చేస్తుంది.

స్విట్జర్లాండ్ కథ దీనికి తలకిందులు. అక్కడ ప్రతి సైకిలుకీ ఇన్సూరెన్స్ స్టిక్కర్ ఏటా కొని అంటించుకోవాలని చాలా కాలం చట్టం ఉండేది. 2012 నుంచి ఎత్తేశారు. దాదాపు ప్రతి ఇంటికీ, ఎదుటివాళ్లకి చేసిన నష్టానికి డబ్బు కట్టే బాధ్యత ఇన్సూరెన్స్ వేరే ఎలాగూ ఉంటోంది, మళ్లీ సైకిలుకి విడిగా స్టిక్కర్లు ముద్రించి అమ్మి చూసుకోవడం ఎందుకని. అంత పద్ధతిగా ఉండే దేశమే దండగనుకున్న పని ఇది.

అయినా మనకి స్విట్జర్లాండ్ దాకా ఎందుకు, సైకిల్ బిళ్ల సంగతి ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. మునిసిపాలిటీకో పంచాయతీకో పన్ను కట్టి, ఆ ఏడాది బిళ్ల తెచ్చి సైకిలుకి తగిలించుకోవాలి. బిళ్ల లేకపోయినా, చీకటిపడ్డాక లైటు లేకపోయినా, డబల్స్ తొక్కినా పట్టుకునేవాళ్లు. మా నాన్న తరం వాళ్లు ఇంకా నవ్వుతూ చెప్తారు, బిళ్లలు చూసే బిల్ కలెక్టర్ సెంటర్లో నిలబడితే ఊళ్లో సైకిళ్లన్నీ సందుల్లోంచి ఎలా పోయేవో. ఆ పద్ధతి ఎప్పుడు పోయిందో కూడా ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు మళ్లీ అలాంటిది పెడితే ఎవరిని ఆపుతారు? 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు కదా, ఆదివారం పొద్దున్న అక్కడ లక్ష రూపాయల సైకిళ్లు కనిపిస్తాయి. వాళ్లకి ప్రీమియం ఒక లెక్కా. కానీ మిగతా ఆరు రోజులూ ఈ ఊళ్లో సైకిల్ తొక్కేది వాళ్లు కాదు. పాలవాళ్లు, పేపర్ వేసే కుర్రాళ్లు, నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్లు, పొద్దున్నే క్యారేజీ హ్యాండిల్‌కి తగిలించుకుని సైటుకి పోయే కూలీలు. ఊళ్లలో అయితే బడికెళ్లే ఆడపిల్లలు. ఆంధ్రాలో 'బడికొస్తా' పథకం కింద హైస్కూలు అమ్మాయిలకి ప్రభుత్వమే సైకిళ్లిచ్చింది. ఒక చేత్తో సైకిలిచ్చి ఇంకో చేత్తో దానికి ఇన్సూరెన్స్ కాగితం చూపించమని అడుగుతారా?

పోనీ తప్పనిసరి అన్నవాటి సంగతన్నా సరిగ్గా ఉందా అంటే, మన రోడ్ల మీద తిరిగే బండ్లలో సగానికి పైగా ఇన్సూరెన్స్ లేనివేనని పార్లమెంటు స్థాయీ సంఘమే చెప్పింది. 2022లో పెట్టిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బైకుకి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు. అది కట్టకపోతే మొదటిసారి జరిమానా 2,000. అయినా కట్టరు. ముందు ఆ సగాన్ని దారిలో పెట్టి తర్వాత సైకిళ్ల దగ్గరికి రండి.

బరువు, వేగం కూడా ఒకసారి చూద్దాం, నాకు ఇలాంటి లెక్కలంటే సరదా. సైకిలూ మనిషీ కలిపి 95 కిలోలు, గంటకి 15 కిలోమీటర్లు. 1,700 కిలోల ఎస్‌యూవీ, గంటకి 60. గుద్దినప్పటి శక్తి చూస్తే ఎస్‌యూవీది దాదాపు 286 రెట్లు. ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసింది ఈ తేడా వల్లే గానీ, అందరూ సమానంగా డబ్బులు కట్టాలని కాదు.

అందుకే నేను ఒక చోట మాత్రం గీత గీస్తాను. ఎలక్ట్రిక్ బండ్ల దగ్గర. 250 వాట్ల లోపు మోటారు, 25 కిలోమీటర్ల లోపు వేగం ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్స్, ఇన్సూరెన్స్ ఏవీ అక్కర్లేదని రూలు. మంచిదే. కానీ ఆ వేగం కట్టడిని తీసేసి నలభై, యాభై మీద పోయేవి కూడా అదే ముసుగులో తిరుగుతున్నాయి, నంబరు ప్లేటు లేకుండా. చట్టప్రకారం అవి మోటారు వాహనాలే, ఇన్సూరెన్స్ ఉండాల్సినవే. పట్టుకోవాల్సింది వాటిని, అదీ డెలివరీ కుర్రాడి కంటే ముందు ఆ మార్పు చేసి అమ్మిన షాపుని.

తొక్కే సైకిలు దగ్గరికొస్తే, మన దగ్గర సైకిల్ వాడు గుద్దేవాడు కాదు, గుద్దించుకునేవాడు. తెల్లవారుజామున వెనకనుంచి లారీ తగిలించి పోతుంది, నంబరు ఎవరూ చూడరు. అలాంటి హిట్ అండ్ రన్ కేసుల్లో చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి, 2022 ఏప్రిల్ నుంచి ఈ మొత్తం అమల్లో ఉంది. దరఖాస్తు రెవెన్యూ ఆఫీసులో పెట్టాలి, మంజూరు చేసేది కలెక్టర్. ఈ సంగతి ఎంతమందికి తెలుసు? తెలియట్లేదనే 2024 జనవరిలో సుప్రీంకోర్టు, గుద్దిన బండి ఏదో నెలలోగా తేలకపోతే ఈ పథకం గురించి బాధితులకి పోలీసులే రాతపూర్వకంగా చెప్పాలంది.

ఇంకొకటి, కేంద్ర ప్రభుత్వ ప్రమాద బీమా పథకం, ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. ఏడాదికి 20 రూపాయలు, బ్యాంకు ఖాతాలోంచి అదే కట్ అవుతుంది, ప్రమాదంలో పోతే 2 లక్షలు. ఇది ఎదుటివాళ్లకి ఇచ్చే ఇన్సూరెన్స్ కాదు, తొక్కేవాడి కుటుంబానికి. వయసు 18 నుంచి 70 మధ్య ఉండాలి, అంటే పేపర్ వేసే చిన్నపిల్లలకి ఇదీ వర్తించదు. మీ ఇంటికి పాలు పోసే ఆయనకి ఉందో లేదో అడగండి. పాలసీ ఏడాది జూన్ 1న మొదలవుతుంది, కాబట్టి మే నెలాఖరుకి ఖాతాలో ఆ ఇరవై రూపాయలు ఉండేలా చూసుకోమనండి.