పుస్తకాల పెట్టె బరువుగా ఉందా, ఉన్నాయా?

మొన్న మా చెల్లి కూతురు హోంవర్క్ పట్టుకుని నా దగ్గరికొచ్చింది, ఖాళీల్లో ఈజ్ రాయాలా ఆర్ రాయాలా అనే ఎక్సర్‌సైజ్. "ద బాక్స్ ఆఫ్ బుక్స్ డ్యాష్ హెవీ" అన్నచోట ఆర్ అని రాసుకొచ్చింది. ఎందుకమ్మా అనడిగితే "బుక్స్‌కి ఎస్ ఉంది కదా పెద్దమ్మా, పైగా డ్యాష్ పక్కనే ఉంది" అంది. ఆన్సర్ తప్పే గానీ ఆ పిల్ల ఆలోచన నాకు బాగా తెలిసిందే, ఎందుకంటే నేనూ ఆఫీసు మెయిల్స్‌లో చాలా ఏళ్ళు "ద క్వాలిటీ ఆఫ్ ద ఫోటోస్ ఆర్ గుడ్" అనే రాశాను, ఎవరూ దిద్దలేదు, నాకూ అనుమానం రాలేదు.

తనకి రూల్ ఏమీ చెప్పలేదు. దీన్ని తెలుగులో చెప్పు అన్నా. "పుస్తకాల పెట్టె బరువుగా ఉంది" అంది. ఉన్నాయి అనొచ్చుగా, లోపల బోలెడు పుస్తకాలున్నాయిగా అంటే, "పెట్టె ఉన్నాయి అని ఎవరంటారు పెద్దమ్మా" అని ఒక్క క్షణం ఆగి, రబ్బరు తీసుకుని ఆర్ చెరిపేసింది.

నేను చెప్పాలనుకున్నది ఇదే. క్రియని కర్తకి తగ్గట్టు మార్చడం మనకి కొత్త విద్య కాదు. ఇంగ్లీషులో కమ్, కమ్స్ అని రెండే రూపాలు, మనకి వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తాం, వస్తారు, వస్తాయి అని ఏడున్నాయి, అయినా మూడేళ్ళ పిల్లలు కూడా "కుక్కలు వస్తాడు" అనరు. మరి ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి ఎందుకు తడబడతాం అంటే, కర్త ఎవరో కనిపెట్టడంలోనే చిక్కంతా ఉంది. తెలుగులో అసలు మాట చివర్లో వస్తుంది, పుస్తకాల పెట్టె, ఫోటోల క్వాలిటీ, అందుకని ఆ రెండు మాటల్లో క్రియకి దగ్గర్లో ఉండేది అసలు మాటే. ఇంగ్లీషులో బాక్స్ ముందొచ్చేసి, దాని వివరం అంతా ఆఫ్ బుక్స్ అంటూ వెనకాల వస్తుంది, దాంతో క్రియ పక్కన సంబంధం లేని మాటొకటి కూర్చుంటుంది. పక్కనున్న మాటతో కలిపేయడం మనకి అలవాటు, కలిపేస్తాం.

ఇది మనకే జరుగుతుందనుకోకండి. 1991లో క్యాథరిన్ బాక్, క్యారల్ మిల్లర్ అనే ఇద్దరు సైకాలజీ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళ మీదే ప్రయోగాలు చేశారు, "ద కీ టు ద క్యాబినెట్స్" లాంటి ముక్క ఇచ్చి వాక్యం పూర్తి చేయమంటే వాళ్ళూ అప్పుడప్పుడు ఆర్, వర్ అనేశారు. తాళంచెవి ఒక్కటే, బీరువాలు బోలెడు, నోరు బీరువాల వైపు వెళ్ళిపోయింది. అటుదిటు అయితే, అంటే తాళంచెవులు చాలా ఉండి బీరువా ఒక్కటే ఉంటే, తప్పులు బాగా తక్కువ.

అందుకే డౌటొచ్చిన వాక్యాన్ని ముందు తెలుగులో అనుకుని చూడండి, చాలాచోట్ల పనిచేస్తుంది. "ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" అంటే విద్యార్థుల సంఖ్య, సంఖ్య పెరిగింది అంటాం, కాబట్టి హ్యాజ్. "ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" అంటే చాలామంది విద్యార్థులు, వచ్చారు అంటాం, కాబట్టి హ్యావ్. ఒక్క ద, ఒక్క ఎ మారితే క్రియ ఎందుకు మారుతుందో ఇంగ్లీషులో ఎంతసేపు బట్టీపట్టినా నాకెక్కలేదు, తెలుగులో అనుకుంటే అర్ధనిమిషం పట్టలేదు. "ద టీచర్ అలాంగ్ విత్ ద చిల్డ్రన్" కూడా అంతే, పిల్లలతో పాటు టీచర్ వచ్చింది, వచ్చింది టీచర్, కాబట్టి ఈజ్. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్" అన్నా నా ఫ్రెండ్స్‌లో ఒకడు, ఉన్నాడు అంటాం, ఈజ్.

డజ్ గురించి చిన్న మాట. "హి డజంట్ గోస్" అనేస్తుంటారు చాలామంది. ఆ ఎస్ ఒక్కసారే వాడాలి, డజ్ అప్పటికే తీసేసుకుంది, ఇక గోకి మిగల్లేదు. కెన్, విల్, మస్ట్‌కైతే అసలు ఎస్సే ఉండదు, మనం నేను రాలేదు, వాడు రాలేదు, వాళ్ళు రాలేదు అని ఒకే రాలేదుతో సరిపెట్టినట్టు.

యూ ఆర్ సంగతి నాకు చాలా ఇష్టం. ఎదురుగా ఉన్నది ఒక్క మనిషే అయినా యూ ఈజ్ అనకూడదు, ఎందుకు? ఎందుకంటే యూ ఒకప్పుడు బహువచనం, ఒక్కరైతే దౌ అనేవాళ్ళు, తర్వాత మర్యాద కోసం ఒక్క మనిషిని కూడా యూ అనడం మొదలై మెల్లగా దౌ పక్కకి పోయింది. అచ్చం మన మీరు లాగే. ఒక్కరినే మీరు అని పిలిచి వచ్చారా అని అడగమూ? కాకపోతే ఆ మర్యాద అక్కడితోనే ఆగింది, నాన్నగారు వస్తున్నారు అన్నట్టు "మై ఫాదర్ ఆర్ కమింగ్" అనకూడదు, ఈజ్ అనే అనాలి, ఎంత పెద్దాయనైనా సరే.

ఇక తెలుగు మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి, అవి విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. మనకి నీళ్ళు ఉన్నాయి, పాలు విరిగిపోయాయి, వాళ్ళకి వాటర్ ఈజ్, మిల్క్ ఈజ్. అందరూ వచ్చారు అంటాం, ఎవ్రీవన్ మాత్రం ఏకవచనమే, ఎవ్రీవన్ ఈజ్. మనకి కత్తెర ఒకటే, వాళ్ళకి సిజర్స్ ఆర్, రెండు అలుగులు కాబట్టి. టీమ్ ఈజ్ అనాలా ఆర్ అనాలా అన్నది మాత్రం దేశాన్ని బట్టి, అమెరికా వాళ్ళు ఎక్కువగా ఈజ్ అంటారు, బ్రిటన్‌లో రెండూ వింటాం, మీరు ఏదో ఒకటి పట్టుకుని ఒకే వ్యాసంలో అటూ ఇటూ మారకుండా ఉంటే చాలు.

ఇవన్నీ చెప్పాక ఆ పిల్ల నోట్‌బుక్ వెనక పేజీలో "తెలుగు మాట విననివి" అని హెడ్డింగ్ పెట్టి లిస్ట్ మొదలుపెట్టింది. నిన్న చూస్తే వాటర్, మిల్క్, ఎవ్రీవన్, సిజర్స్ ఉన్నాయి, కింద తనే న్యూస్ చేర్చింది, వార్తలు వస్తున్నాయి అంటాం గానీ న్యూస్ ఈజ్ కదా అని. పోలీస్ అని కూడా రాసి కొట్టేసింది. ఎందుకు కొట్టేశావంటే, "ద పోలీస్ ఆర్ కమింగ్, పోలీసులు వస్తున్నారు, ఇది మన మాట వింటుంది పెద్దమ్మా" అంది.