ఫ్రెట్ల వంపుపై నెట్టేసిన నింద

తీగ తీగకూ పొడవు మారే నా ఎనిమిది తీగల మల్టీస్కేల్ గిటార్ ఎట్టకేలకు శ్రుతిలో పలుకుతోంది. అమ్మినవారిపై కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

ఎంపిక తేలికగానే జరిగింది. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగలన్నిటి పొడవూ ఒకటే, చాలావాటిలో 25.5 అంగుళాలు. అంత పొడవులో ఎనిమిదో తీగను 46 హెర్ట్జ్ దగ్గరుండే ఎఫ్ షార్ప్‌కు దించితే వదులైపోయి, స్వరం ముద్దగా వస్తుంది. నేను కొన్నదానిలో సన్న తీగ 26.5 అంగుళాలు, లావు తీగ 28. పొడవు పెరిగితే అదే స్వరం దగ్గర బిగువు పెరుగుతుంది. తీగకో పొడవు కాబట్టే ఫ్రెట్లు, అంటే మెడ మీది అడ్డ లోహపు కమ్ములు, విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. ఈ అమరికకు రాల్ఫ్ నోవాక్ అమెరికాలో 1989లో పేటెంట్ పొందారు. దాని కాలం ఎప్పుడో చెల్లింది, ఇప్పుడు తక్కువ ధర గిటార్లలోనూ దొరుకుతోంది. వేళ్లు అలవాటు పడటం కూడా జనం భయపెట్టినంత కష్టమేమీ కాదు.

అసలు బాధ మొదటి ఫ్రెట్ల దగ్గర. లావు తీగలను ఏ ఫ్రెట్ దగ్గరా నొక్కకుండా మీటితే శ్రుతి సరిగ్గా ఉంది. ఒకటో, రెండో ఫ్రెట్ నొక్కితే స్వరం పైకి పోతోంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర మళ్లీ సరిపోతోంది. దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడి పెద్దమనిషి రెండుసార్లు మీటి, మిగతా కొనుగోలుదారులందరూ వింటుండగా, ‘‘ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఫ్రెట్లు ఏటవాలుగా ఉంటే స్వరం ఇలాగే ఉంటుంది. ముందు ఆరు తీగలది నేర్చుకోండి’’ అన్నాడు. ఏళ్ల తరబడి వేదికలపై వాయిస్తున్న నాతో! మెడ కర్ర వంగిందా లేదా అనైనా చూడలేదు. తెలియకపోతే తెలియదని చెప్పాలి. కొన్నవాడి చేతికి వంక పెట్టడం వ్యాపారం కాదు.

తప్పు ఎక్కడుందో నేనే పట్టుకున్నాను. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి ఉంచి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడాలి. అది కాగితమంత ఉంటే చాలు. నా గిటార్‌లో తీగ అంతకు ఎంతో ఎత్తున నిలిచింది. అంటే నట్‌లో (మెడ పైచివర తీగలు ఆనే పట్టీలో) గాళ్లు లోతుగా కోయలేదు. ఎక్కువ కోస్తే తీగ ఫ్రెట్‌కు తగిలి జరజరమంటుంది కాబట్టి చవక గిటార్లను చాలాసార్లు ఇలా ఎత్తుగానే వదిలేస్తారు. ఎత్తులో ఉన్న తీగను కిందికి నొక్కితే అది సాగుతుంది, స్వరం పెరుగుతుంది. ఇందులో ఫ్రెట్ల వంపు ప్రమేయమే లేదు.

గిటార్లు బాగుచేసే మరొకాయన సన్న ఆకురాళ్లతో ఆ గాళ్లను కొద్దికొద్దిగా లోతు చేశారు. తర్వాత పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌నూ (తీగను నొక్కకుండా తేలిగ్గా తాకి మీటితే వచ్చే స్వరం), నొక్కిన స్వరాన్నీ పోల్చుకుంటూ, కింది చివర బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సాడిళ్లను సరిచేశారు. నన్ను ఒక్క మాట అనలేదు.

కొనబోయేవారు ఆ మూడో ఫ్రెట్ పరీక్ష దుకాణంలోనే, ప్రతి తీగకూ చేయండి. తీగల కంపనాన్ని పట్టే ఏటవాలు పికప్‌లకు బదులు దొరకడం కష్టం, వాటి ధ్వని కూడా అప్పుడే తేల్చుకోండి. పరీక్షిస్తుంటే విసుక్కునేవారి దగ్గర డబ్బు బయటికి తీయకండి.