టర్కీలో ‘మైనారిటీ’ ఎవరు? ఎర్ర సిరా దిద్దిన ఒక జవాబు

సివిల్స్ మెయిన్స్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు, నేను చేసిన ఒక పొరపాటు గురించి చెప్పాలని ఇది రాస్తున్నాను. జనరల్ స్టడీస్ మొదటి పేపరులో ప్రపంచ చరిత్ర చదివేటప్పుడు, టర్కీ అనగానే ముస్తఫా కెమాల్, 1924లో ఖలీఫా పదవి రద్దు, మన ఖిలాఫత్ ఉద్యమంపై దాని ప్రభావం అని నాలుగు ముక్కలు రాసుకుని పేజీ తిప్పేశాను. ఒక నమూనా పరీక్షలో ఆ దేశపు మైనారిటీల గురించి అడిగితే, ‘టర్కీ గుర్తించిన అతిపెద్ద మైనారిటీ కుర్దులు’ అని ధీమాగా మొదలుపెట్టాను. దిద్దినవారు ‘గుర్తించిన’ అన్న మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ‘ఎక్కడ?’ అని మాత్రం రాశారు.

జవాబు, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మిత్రరాజ్యాలతో టర్కీ చేసుకున్న 1923 నాటి లోజాన్ శాంతి ఒప్పందంలో దొరికింది. అందులో రక్షణ కల్పించింది ముస్లిమేతర మైనారిటీలకు; ఆచరణలో టర్కీ దాన్ని గ్రీకులు, ఆర్మీనియన్లు, యూదులకే పరిమితం చేసింది. జనాభాలో 15 నుంచి 20 శాతం ఉంటారని అంచనా వేసే కుర్దులు ముస్లింలు కాబట్టి ఆ లెక్కలోకి రారు. వారి భాషపై 1983లో చట్టం విధించిన నిషేధం 1991 వరకు తొలగలేదు. ఇస్లాంలోనే ఒక భిన్న సంప్రదాయాన్ని పాటించే అలెవీలూ రారు, వారు ప్రార్థనకు చేరే జెమెవీలకు మసీదులతో సమానమైన హోదా లేదు. మతమే కొలబద్ద అయితే సిరియాక్ క్రైస్తవులను ఎందుకు వదిలేశారన్నది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న.

ఈ కొలబద్ద ఎంత మొరటుదో గ్రీసుతో 1923లోనే కుదిరిన జనాభా మార్పిడి చూస్తే తెలుస్తుంది. ఇంట్లో టర్కిష్ మాట్లాడుతూ దాన్ని గ్రీకు లిపిలో రాసుకునే కరమన్లీ క్రైస్తవులను ‘గ్రీకులు’గా లెక్కించి గ్రీసుకు పంపారు, గ్రీకు తప్ప మరో భాష రాని క్రీట్ ముస్లింలెందరో ‘టర్కులు’గా టర్కీలో దిగారు. గుర్తింపు పొందినవారికైనా భద్రత దక్కిందా అంటే, 1942 నాటి సంపద పన్నును ముస్లిమేతరులపై ఎన్నో రెట్లు ఎక్కువగా వేసి, కట్టలేనివారిని తూర్పు టర్కీలోని అష్కలే శిబిరానికి కూలి పనికి పంపారు.

పోలికకు మైనారిటీలకు సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కునిచ్చే మన రాజ్యాంగంలోని 30వ అధికరణ పక్కన పెట్టుకోండి. అందులో మతంతోపాటు భాష కూడా ఉంది. తమిళనాడులోని హోసూరు తెలుగువారు మైనారిటీ అయ్యేది ఆ భాష వల్లనే. నా జవాబు మొదటి వాక్యాన్ని ఇలా మార్చుకున్నాను: ‘టర్కీలో అతిపెద్ద జాతి మైనారిటీ అయిన కుర్దులు, ఆ దేశ చట్టం దృష్టిలో మైనారిటీయే కారు.’